బూబమ్మ ఎండలు, నా తేమ యంత్రం

ఉద్యోగం చేసినన్నాళ్లలో నేను కూర్చోబెట్టి పాఠం చెప్పిన శిష్యుడు ఒక్కడే. వాడు మనిషి కాదు, యంత్రం. చాలా బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు నేర్చుకున్నాడు, ఒక్కరోజు కూడా ఎదురు మాట్లాడలేదు. అంత మంచి శిష్యుడు దొరకబట్టే ఒక ఏడాది పులివెందుల తాలూకా విత్తనకాయంతా మూటల్లోనే ముక్కిపోబోయింది.

ఈ సంగతి ఇన్నేళ్లకు ఎందుకు గుర్తొచ్చిందో చెప్తాను. కంప్యూటర్లు చదివే పిల్లలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. ఇప్పటి యంత్రాలకు మనుషులు చెప్పిన జవాబులు వేలకొద్దీ చూపిస్తారట, అవి చూసి చూసి కొత్త ప్రశ్నకు కూడా జవాబు చెప్పడం నేర్చుకుంటాయట. "మీ కాలంలో ఇట్లాంటివి ఊహకు కూడా అందేవి కాదు కదా తాతా!" అన్నారు జాలిగా. నేను కాఫీ తాగుతూ ఊరుకున్నాను. పెద్దవాళ్లం ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అనుకుంటారు పిల్లలు. ఆ పని నేను ప్రొద్దుటూరులో, కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజుల్లో చేశాను. ఎంత బాగా చేశానో, ఎంత చెడగొట్టానో ఇప్పుడు చెప్తాను, వినండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. కోస్తాలో వరి పొలాల మధ్య పుట్టి, వ్యవసాయం డిప్లొమా చేతపట్టుకుని ప్రొద్దుటూరు విత్తనాల డిపోలో ఫీల్డుమన్‌గా చేరాను. మా డిపో పని చెప్పడానికి సులభమే. కార్తీకం, మార్గశిరాల్లో వేరుశనగ పీకి ఆరబెట్టాక రైతులు తెచ్చిన మంచికాయను కొని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గోడౌన్లలో దాచాలి. మళ్లీ వాన పడగానే విత్తనానికి ఇవ్వాలి. ఆ చుట్టుపక్కల చాలా ఊళ్లకు డిపో కాయే విత్తనం. అది మొలవకపోతే ఆ ఏడు చేను లేదన్నమాట.

కాయ మొలవాలంటే అది బాగా ఎండి ఉండాలి. లోపలి పప్పులో తేమ మిగిలితే మూటలో వేడి పుడుతుంది, బూజు పడుతుంది, మొలక చస్తుంది. అందుకని కొనేముందే ఎండిందా లేదా తేల్చాలి. ప్రొద్దుటూరులో ఆ పని చేసేది బూబమ్మ. అది ఆమె పేరు కాదు. ఆ వైపు పెద్ద వయసు ముస్లిం ఆడవాళ్లను అందరూ పిలిచే పిలుపు అది. పెళ్లయి అత్తగారితో కలిసి కాయలు కొట్టే మిల్లులో పనికి వెళ్లింది మొదలు ఆమె చేతులు వేరుశనగలోనే ఉన్నాయి. మా డిపోలో దినకూలీ. గేటు దగ్గర రాతిమీద కూర్చునేది, తలమీద కొంగు, దవడలో ఆకువక్క.

మూట దించగానే బూబమ్మ నాలుగు కాయలు గుప్పిట్లోకి తీసుకుని చెవి దగ్గర ఆడించేది. ఒక కాయ వేళ్లతో చిట్లించి పప్పు కొరికేది. అంతే, తీర్పు వచ్చేసేది.

"ఇది అయింది, ఏసుకోండి."

"ఇంగా ఒక ఎండ గావాల."

"ఇది రెండెండలు. తోలుకోని పోప్పా, ఎండేసుకోని రా."

ఆమె లెక్క ఎండలతోనే. ఒక ఎండంటే నేలమీద పలచగా పరిచిన కాయకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తగిలే ఎండ. మా పుస్తకాల్లో తేమ శాతాల్లో ఉంటుంది. ఈవిడ శాతం అనే మాట వినలేదు. డిప్లొమా చదివినవాణ్ణి, నాకు ఆ ఎండలంటే మొదట్లో చాలా చిరాకుగా ఉండేది.

నేను చేరిన ఏడాదే కర్నూలు నుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో తేమ కొలిచే యంత్రం. లోపల బ్యాటరీ, పైన గాజు కింద ముల్లు, పక్కన ఒక ఇత్తడి గిన్నె. గిన్నెలో గుప్పెడు కాయలు పోసి, మూత మర బిగించి, మీట నొక్కితే తేమ ఉన్నకొద్దీ ముల్లు పైకి లేచి ఏదో ఒక అంకె దగ్గర ఆగుతుంది. మా డిపో మేనేజరు కడపాయన, యంత్రాలంటే ప్రాణం. ఇంట్లో రెండు గడియారాలు, ఆఫీసులో ఒకటి, జేబులో ఒకటి. పెట్టె తెరిచిన రోజు స్టాఫంతటికీ బొరుగులు తెప్పించి పెట్టాడు.

బొరుగులు అయిపోయాక చిక్కు తెలిసింది. ముల్లు నలభై చూపిస్తే ఏమిటి అర్థం? కాయ ఎండినట్టా, పచ్చిగా ఉన్నట్టా? ఆ సంగతి యంత్రానికి తెలియదు. దానితోపాటు వచ్చిన పట్టికలో గోధుమ ఉంది, వరి ఉంది, వేరుశనగ లేదు. తొక్కతో ఉన్న వేరుశనగకు పట్టిక మేమే తయారుచేసుకోవాలి. పద్ధతి ప్రకారమయితే ప్రతి నమూనానూ కడప పంపి, అక్కడ పొయ్యిలో ఆరబెట్టి, తూకం వేయించి, వాళ్లు రాసిన శాతాన్ని మా ముల్లు అంకె పక్కన రాసుకోవాలి. మేం మొదట పంపిన నమూనాలకు జవాబే రాలేదు. కొనుగోళ్లు నెత్తిమీదికి వచ్చేశాయి.

"పొయ్యి లేకపోతే ఏందయ్యా, బూబమ్మ ఉండాది గదా!" అన్నాడు మేనేజరు. "ఆమె చెప్పినేది రాసుకో, మిషను చూపించినేది పక్కన రాసుకో. రెండు దినాల్లో పట్టిక తయారయిపోతాది. నువ్వు చదువుకున్నోనివి, నీకు నేను చెప్పాల్నా?"

రెండు రోజులు కాదు, మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. పొద్దున్నే యంత్రాన్ని బల్లమీద పెట్టుకుని, పక్కన బూబమ్మను కూర్చోబెట్టుకునేవాణ్ణి. ఆమె కాయ ఆడించి చెప్పేది. నేను అదే కాయ గిన్నెలో పోసి మర తిప్పేవాణ్ణి. నోటుబుక్కులో ఒకవైపు ముల్లు అంకె, ఒకవైపు ఎండలు. నా దస్తూరి ముత్యాల్లా ఉండేదని మేనేజరు కూడా మెచ్చుకున్నాడు.

ఒక్కటే నాకు తలనొప్పిగా ఉండేది. కాయ చేతిలోకి తీసుకోగానే బూబమ్మ అడిగే మొదటి మాట: "ఏ ఊరి కాయప్పా ఇది?"

హమాలీ ఊరి పేరు చెప్పేవాడు. ఆమె తల ఊపి, అప్పుడు చెవి దగ్గర పెట్టుకునేది. నాకు ఇది వట్టి ముసలమ్మ ముచ్చటగా తోచింది. పైగా అనుమానం కూడా వచ్చింది. ఫలానా ఊరివాళ్లు మంచివాళ్లు, ఫలానా ఊరివాళ్లు మోసగాళ్లు అని ముందే మనసులో పెట్టుకుని చెప్తోందేమోనని. శాస్త్రీయంగా చేయాలంటే ఊరు తెలియకూడదని నిశ్చయించుకున్నాను. హమాలీలకు కూడా చెప్పొద్దని ఆర్డరు వేశాను.

"ఊరితో నీకేం పని బూబమ్మా? కాయ చూసి చెప్పు."

"ఊరు చెప్తే ఏం పాయ నాయనా?"

"యంత్రం అడుగుతోందా ఊరి పేరు? నువ్వూ అడక్కూడదు. అప్పుడే పోటీ సమానం."

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "సరేలే, నీ ఇష్టం," అని కాయను చెవి దగ్గర పెట్టుకోబోతూ, బొటనవేలితో తొక్కమీద మన్ను గీకి చూసింది. ఆ తర్వాత ప్రతి కాయకూ అలాగే గీకేది. అదీ నేను చూశాను. చూసి, నోటుబుక్కులో రాయలేదు.

పట్టిక తయారయ్యాక పరీక్ష పెట్టాం. మేనేజరు నమూనాలు కలిపి ఇచ్చాడు. బూబమ్మ ఒక చివర, యంత్రంతో నేను ఇంకో చివర. ఒకరి మాట ఒకరికి వినపడకుండా మధ్యలో మూటలు పేర్చాం. సాయంత్రానికి లెక్క చూస్తే ఇద్దరి మాటా దాదాపు ఒకటే. అక్కడక్కడ ఒక్క ఎండ తేడా, అంతకు మించి లేదు. మేనేజరు జేబులోంచి గడియారం తీసి టైము చూసి, "బూబమ్మకు పట్టింది నాలుగు గంటలు, మిషనుకు రెండున్నర," అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. ఆ రాత్రి మా నాన్నకు జాబు రాశాను, మీ అబ్బాయి ఒక యంత్రానికి తెలివి నేర్పాడని. ఆ జాబు ఆయన చాలాకాలం దాచుకున్నాడు. నేనే అడిగి తీసుకుని చించేశాను.

యంత్రాన్ని జమ్మలమడుగు తీసుకెళ్లాను. అక్కడా నిలబడింది. దాని మాట ప్రకారం తీసుకున్న కాయ విత్తనాల కాలం దాకా చెక్కుచెదరలేదు. అక్కణ్ణుంచి పులివెందుల వెళ్లాను. బూబమ్మ అవసరం లేదు గనుక ప్రొద్దుటూరులోనే ఉండిపోయింది.

పులివెందులలో కాయ తళతళలాడుతూ వచ్చింది. తొక్కమీద మట్టి మరక లేదు. గిన్నెలో పోస్తే ముల్లు బుద్ధిగా నా పట్టికలో 'అయింది' అన్నచోటే ఆగేది. వరసగా తీసుకుంటూ పోయాను. ఒక బండి దగ్గర మాత్రం చిన్న గొడవ జరిగింది. బండివాడు మొన్నమొన్నటి దాకా గొర్రెలు మేపి, అప్పుడే సేద్యంలోకి దిగిన మనిషి. భుజాన కంబళి కూడా ఇంకా పోలేదు. నేను ముల్లు చూసి "అయింది, దించండి," అంటే అతను దించనివ్వలేదు.

"అయిందంటావేంది సారూ? నా కాయ నాకు తెల్దా? ఇంగా పచ్చిగుండాది. ఊరికే చూపిచ్చుకోని పోదామని తెచ్చినా. రెండు దినాలు ఎండేసుకోని మళ్లీ వస్తా."

"యంత్రం అయిందంటోందయ్యా."

"దానికేం, అది రేపు ఇత్తనానికి నీ కాడికి వస్తాదా? నేను గదా రావాల్సింది!"

అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. తన సరుకు బాగాలేదని రైతే చెప్తుంటే, బాగుందని నేను వాదించాను. ఇంత వింత బేరం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. చివరికి గెలిచింది నేనే. అతని కాయ దింపించి, రసీదు చేతిలో పెట్టి పంపాను. రసీదు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "మీ మిషను సల్లగుండ," అని దణ్ణం పెట్టి వెళ్లాడు.

గోడౌను నిండింది. నేను ప్రొద్దుటూరు తిరిగొచ్చాను. రెండు వారాల తర్వాత మేనేజరు నన్ను పిలిచి, వచ్చే నెల నుంచి బూబమ్మ కూలీ ఆపేద్దామన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. యంత్రం ఉండగా మనిషెందుకని పైనుంచి రాశారు, అంతే. ఆ మాట ఆమెకు చెప్పే పని మాత్రం నాకు అప్పగించాడు.

బూబమ్మ గేటు దగ్గర చేటలో కాయలు ఏరుతోంది. చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"పులివెందల కాయ గూడా ఆ మిషనే చూసినాదా?"

"అవును."

"అది ఏ మన్నని అడిగినాదా?"

నేను నవ్వాను. "యంత్రం ఎట్లా అడుగుతుంది బూబమ్మా?"

"పోనీ, నువ్వన్నా చెప్పినావా దానికి?"

నా నవ్వు ఆగిపోయింది. ఆమె మళ్లీ చేట అందుకుంది. "నల్లరేగడి కాయ పైకి తడి, లోపల ఎండు. మన్ను పట్టుకోని ఉంటాది గదా, అది ఆరదు. ఎర్రమన్ను కాయ పైకి ఎండు, లోపల పచ్చి. అది తెల్దంటే ఎవురికైనా తప్పు పోతాది. నాకయినా పోతాది. అందుకే గదప్పా ఊరడిగేది."

బల్ల దగ్గరికి వెళ్లి నోటుబుక్కు తెరిచి, ఆ తేదీల్లో ఏ ఊళ్ల కాయ వచ్చిందో కొనుగోళ్ల రిజిస్టరులో చూశాను. మూడు వారాల నమూనాలు. దువ్వూరు, రాజుపాలెం, మళ్లీ దువ్వూరు, చుట్టుపక్కల పల్లెలు. ఒక్కటంటే ఒక్క ఎర్రనేల ఊరు లేదు. నా శిష్యుడు ఏం నేర్చుకున్నాడో అప్పుడు అర్థమయింది. ముల్లు కాస్త పైకి లేచినా ఫరవాలేదు, అది తొక్కకు అంటిన మన్ను తేమ, లోపల కాయ ఎండే ఉందని నేర్చుకున్నాడు. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో అది నిజమే. పులివెందుల కాయకు మన్నే లేదు. అక్కడ ముల్లు లేచిందంటే ఆ తేమ పప్పుదే. బూబమ్మ చెప్పిన జవాబులన్నీ ముత్యాల్లాంటి దస్తూరితో రాసుకున్నాను. ఆమె అడిగిన ప్రశ్నను ఒక్కసారి కూడా రాసుకోలేదు. పైగా అడగొద్దని నోరు మూయించాను.

మర్నాడు పొద్దున్నే బూబమ్మను వెంటబెట్టుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. దారంతా ఆమె కిటికీలోంచి నేల చూస్తూనే ఉంది. ముద్దనూరు దాటి కొంతదూరం పోయాక, "ఈడ్నించి మారినాది చూడు," అంది. నేను తల తిప్పి చూశాను. మొన్న అదే దారిలో వెళ్లినప్పుడు పెట్టెకు దెబ్బ తగలకుండా ఒళ్లో పెట్టుకుని, దాని మూత చూసుకుంటూ కూర్చున్నాను.

గోడౌను కీపరు తాళం తీశాడు. అంతా బాగుందని, ఎలుక కూడా లేదని చెప్పాడు. నాకు కూడా వాసనేమీ తెలియలేదు. బూబమ్మ గడపలో నిలబడి ఒకసారి గాలి పీల్చింది. తిన్నగా లోపలికి పోయి, నడిమి వరసలో ఒక మూట మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చింది. అలాగే ఉంచి మా వైపు చూసింది.

"నీ చెయ్యి పెట్టి చూడు సారూ."

పెట్టాను. అప్పుడే పొయ్యిమీద నుంచి దించిన అన్నం గిన్నె పక్కన పెట్టినట్టుంది. సిగ్గుపడటానికి కూడా తీరిక లేనంత భయం వేసింది. అది ఒక్క మూట కాదు, ఆ తాలూకాలో వచ్చే ఏడు పెట్టబోయే చేలన్నీ ఆ గోడౌనులో ఉన్నాయి.

"పాయనా బూబమ్మా?"

"పోలేదు. ఇంగా పప్పు చావలేదు," అంది ఒక గింజ కొరికి. "బూజు అడుగు మూటలకే పట్టినాది. మూడెండలు తగిలితే బతుకుతాది. తెచ్చిన దినమే అయితే రెండు చాలు. యాడన్నా పెద్ద జాగా చూడు. బిరీన."

గోడౌను ముందున్న జాగా పదో వంతుకు కూడా చాలదు. కీపరు మనిషిని పంపితే ఆ గొర్రెల రైతు వచ్చాడు. నేను అతని ముఖం చూడలేకపోయాను. అతను మూటలో ఒకసారి చెయ్యి పెట్టి తీశాడు.

"ఊరి బయట మేం మంద తోలే కాడ పెద్ద బండ ఉండాది సారూ. సదునుగా ఉంటాది. ఎన్ని మూటలైనా పోయొచ్చు," అన్నాడు. తర్వాత ఆగలేక, "మిషనును గూడా తెచ్చినారా? అది గూడా రొంత ఎండకు కూసుంటే మంచిది," అన్నాడు. బూబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను తన వాళ్లను పిలిచాడు, వాళ్లు ఇంకొందరిని పిలిచారు. కాయ ఇచ్చిన రైతులే మళ్లీ బండ్లు కట్టారు. మర్నాడు పొద్దెక్కేసరికి ఆ బండ మొత్తం వేరుశనగ పరుచుకుంది. ఆడవాళ్లు వరసగా నిలబడి కాళ్లతో కాయను తిరగేస్తూ నడిచారు. కుక్కలు, కాకులు, మేకలు రాకుండా కాపలా మాత్రం గొర్రెల మనిషిదే. ఆ విద్య అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మూడో రోజు ఆకాశం మూసుకొచ్చింది. చల్లగాలి లేచింది. కాయంతా ఎత్తి లోపల వేయిద్దామని నేను అటూ ఇటూ పరిగెత్తాను. ఎత్తితే ఒక ఎండ నష్టం, ఎత్తకుండా వాన పడితే సర్వనాశనం. అందరూ బూబమ్మ వైపు చూశారు. బూబమ్మ గొర్రెల రైతు వైపు తిరిగింది.

"ఈ గాలి మీ పక్క ఏం జేస్తాదప్పా? మాది ప్రొద్దుటూరు, నాకు తెల్దు."

నాకు తెలియదు అని ఆవిడ ఎంత తేలిగ్గా అందో! డిప్లొమా చేతికి వచ్చాక ఆ మాట నా నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు. అతను కంబళి సర్దుకుని కొండవైపు చూశాడు.

"ఇది వాన గాలి గాదు బూబమ్మా. పొద్దు నెత్తి మీదికి వచ్చేలోపల ఇడిపోతాది."

విడిపోయింది. ఆ ఎండలో కూర్చునే బూబమ్మ నాకు చదువు చెప్పింది. కాయ నా చేతికిచ్చి, ముందు నన్నే చెప్పమనేది. నేను ఆడించి, విని, "ఒక ఎండ," అనేవాణ్ణి. "కొరుకు," అనేది. కొరికితే పప్పు పటుక్కుమనకుండా మెత్తగా దిగేది. తప్పు. ఇంకో కాయ. "అయింది." కొరుకు. మళ్లీ తప్పు. ఆ రోజు నేను తిన్న పచ్చికాయకు రాత్రంతా కడుపు నొప్పి.

"నీకెవరు నేర్పారు బూబమ్మా?"

"మా అత్త. ఆమె చెప్పేది గాదు. నన్నే చెప్పమనేది. తప్పు చెప్తే ఆ గుప్పెడూ నాతోనే తినిపిచ్చేది. ఒక ఏడు కడుపునొప్పితోనే నేర్చుకున్యా."

నేను యంత్రానికి నేర్పిన తీరు అప్పుడు తలుచుకున్నాను. దానికి కడుపు లేదు, నొప్పి లేదు. తప్పు చెప్పినా, ఒప్పు చెప్పినా ముల్లు అంతే నిబ్బరంగా నిలబడుతుంది. దాని తప్పుకు కడుపునొప్పి పడాల్సింది పక్కన కూర్చున్నవాడు. నేను ఆ పని కూడా చేయకుండా పట్టిక చూసి మురిసిపోయాను.

నాలుగో రోజు కాయ మళ్లీ గోడౌను చేరింది. అడుగు వరసలో కొన్ని మూటలు మాత్రం విత్తనానికి పనికిరాకుండా పోయాయి. ప్రొద్దుటూరు వచ్చి రిపోర్టు రాయడానికి కూర్చుంటే మేనేజరు మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"మిషను చెడిపోయినాదని రాసేద్దామా? కొత్త పిల్లోనివి. ఇంగా పర్మినెంటు గూడా గాలేదు."

ఒక నిమిషం ఆశ పుట్టిన మాట నిజం. కానీ రాయలేకపోయాను. యంత్రం ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నేను నేర్పిన దానికి వెంట్రుక తేడా లేకుండా చెప్పింది. తప్పు నాదని, నల్లనేల కాయతో నేర్పి ఎర్రనేల కాయ మీద వదిలానని, ఊరి పేరు అడగనివ్వలేదని ఉన్నదున్నట్టు రాశాను. మేనేజరు చదివి, నిట్టూర్చి, కింద తన సంతకం కూడా పెట్టాడు. ఆ సంతకం ఆయన పెట్టనక్కర్లేదు. అందుకే ఆయన గడియారాలను గురించి నేను ఎవరి ముందూ వేళాకోళం చేయను, ఇక్కడ చేసింది తప్ప.

విత్తనాల కాలం వచ్చింది. పులివెందుల కాయ వొలిచి, వంద గింజలు తడి గోనెలో చుట్టి పెట్టాం. గోనె విప్పే రోజు బూబమ్మ కూడా వచ్చి నిలబడింది. మడత తర్వాత మడత విప్పుతూ పోతే తెల్లటి మొలకలు. ఎక్కడో ఒకటీ అరా గింజ తప్ప అన్నీ లేచాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. ఆ ఏడు పులివెందుల తాలూకాలో విత్తనం మొలవలేదన్న మాట వినపడలేదు.

నా రిపోర్టు కర్నూలు పోయింది, జవాబు హైదరాబాదు నుంచి వచ్చింది. ఈలోపల ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆఫీసులన్నీ తరలిపోయాయి. నన్ను మందలిస్తూ ఒక పేరా, కొత్త పట్టిక తయారుచేయమంటూ ఒక పేరా. ఈసారి మూడు ఊళ్ల కాయలతోనూ చేశాను. మధ్యలో 'మన్ను' అని ఒక గడి గీశాను. నల్లనేలకు ఒక పేజీ, ఎర్రనేలకు ఒక పేజీ. మేనేజరు ఆ గడిమీద వేలు పెట్టి, "దీన్ని నింపేదానికి మనిషి గావాల గదయ్యా. బూబమ్మ లేకుంటే ఎట్ల?" అని పైకి రాశాడు. రిపోర్టు పోయినప్పటి నుంచి వాయిదాలో ఉన్న ఆమె కూలీ ఇక ఆగలేదు.

ఆ ఏడు కొనుగోళ్లకు పులివెందులకు యంత్రాన్ని, బూబమ్మను ఇద్దరినీ తీసుకెళ్లాను. మొదటిరోజే గొర్రెల రైతు బండి తోలుకొచ్చాడు. చేటలో చెరిగి శుభ్రంగా తెచ్చిన కాయ. అతని ముఖం ఏదో తేడాగా ఉంది, నవ్వు ఆపుకుంటున్నవాడిలా. బూబమ్మ పక్కనే ఆకు మడుస్తూ కూర్చుంది. నేను గుప్పెడు గిన్నెలో పోసి మర బిగించాను. మీట నొక్కాను. ముల్లు లేచింది. పులివెందుల కదా అని నా చెయ్యి దానంతటదే ఎర్రనేల పేజీ తీసింది. పచ్చికాయ, తిప్పి పంపాలి. నోరు తెరిచాను. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఏ ఊరి కాయప్పా ఇది?"

రైతు పగలబడి నవ్వాడు. "పట్టేసినావు సారూ! మా బామ్మర్దిది. జమ్మలమడుగు కాడ చేను. చూద్దామని తెచ్చినా."

నేను ఒక కాయ తీసి బొటనవేలితో గీకాను. తొక్క గీతల్లో నల్లరేగడి. పేజీ తిప్పాను. కాయ ఎండిందే. నమ్మకానికి ఒకటి కొరికి చూశాను, పటుక్కుమంది.

బూబమ్మ ఆకు దవడలో పెట్టుకుని, "ఇప్పుడొచ్చినాది తెలివి," అంది.

"ఎవరికి బూబమ్మా? నాకా, దీనికా?"

"అడిగినోనికి," అంది.